మట్టిలోని బాక్టీరియా నేర్పిన విద్య

ఒక జీవిలోని జన్యువును వేరుచేసి, దానితో ఏ చుట్టరికమూ లేని మొక్క కణంలో చేర్చి, ఆ కణం నుంచి నిండు మొక్కను పెంచే విద్య 1983లో మనిషి చేతికి వచ్చింది. అంతకుముందు వేల ఏళ్లుగా రైతు మంచి మొక్కను ఎంచి విత్తనం కట్టుకునేవాడు. గత శతాబ్దంలో శాస్త్రవేత్తలు ఒక రకం పుప్పొడిని మరో రకం పువ్వు మీద వేసి సంకరాలు తయారుచేశారు. ఈ రెండు పద్ధతుల్లోనూ కలిసేవి దగ్గరి చుట్టాలే. వరికి వరి, పత్తికి పత్తి. కొత్త విద్య ఆ హద్దు దాటింది. తెలుగు రైతులు దాన్ని ఎరిగింది బీటీ పత్తి పేరుతో. ఆ పత్తి పుట్టుకలో నేలలో బతికే రెండు బాక్టీరియాలకు పాలుంది. ఒకటి పురుగును చంపేది, అది జన్యువునిచ్చింది. రెండోది మొక్కకు కణితి పుట్టించేది. ఆ జన్యువును మొక్క కణంలోకి చేరవేసే దారి అది చూపింది.

కణితి కథ

ద్రాక్ష, గులాబీ, యాపిల్ వంటి మొక్కలకు కాండం మొదట్లో, నేల మట్టానికి దగ్గరగా, ఒక్కోసారి బొడిపెల్లాంటి గడ్డలు లేస్తాయి. ఐరోపా ద్రాక్ష తోటలకు ఇది పాత బెడద. 1897లో ఇటలీలో ఫ్రిదియానో కవారా ఆ గడ్డల నుంచి ఒక బాక్టీరియాను వేరుచేశారు. 1907లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే ఎర్విన్ స్మిత్, చార్లెస్ టౌన్సెండ్ డైసీ మొక్కల కణితుల్లోని బాక్టీరియాను తీసి, ఆరోగ్యంగా ఉన్న మొక్కలకు గుచ్చి, అవే కణితులు పుట్టించి చూపారు. దానికే తరవాతి కాలంలో ఆగ్రోబాక్టీరియం అన్న పేరు స్థిరపడింది.

అసలు చిక్కుముడిని 1940లలో ఆర్మిన్ బ్రాన్ బయటపెట్టారు. ఆయన ఎంచుకున్న మొక్కల్లో మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు ఒకటి. అది 46 డిగ్రీల వేడిని తట్టుకుంటుంది, ఆగ్రోబాక్టీరియం తట్టుకోలేదు. గాయానికి బాక్టీరియాను అంటించి, కొద్దిరోజులు ఆగి మొక్కను వేడిలో ఉంచితే బాక్టీరియా చచ్చింది. కణితి మాత్రం పెరుగుతూనే పోయింది. ఆ కణితి ముక్కను కోసి గాజు పాత్రలో పెంచితే, మామూలు కణాలకు తప్పనిసరిగా వేయవలసిన హార్మోన్లు వేయకపోయినా పెరిగింది. బాక్టీరియా చచ్చేలోపే మొక్క కణంలో దేన్నో వదిలిందన్నమాట. అది ఏమిటో తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

ఆ మధ్యకాలంలో ఫ్రాన్స్‌లో జార్జ్ మోరెల్ బృందం కణితుల్లో కొన్ని వింత పదార్థాలను గుర్తించింది. ఓపైన్లని పిలిచే ఇవి మామూలు మొక్కలో ఉండవు, మొక్కకు పనికీ రావు. వాటిని తిని బతికేది ఆగ్రోబాక్టీరియమే. మొక్క తన శ్రమతో, తన చక్కెరతో బాక్టీరియాకు వండి పెడుతోంది. కణితి అంటే బాక్టీరియా మొక్క ఒంట్లో కట్టుకున్న వంటిల్లు.

1974లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో జెఫ్ షెల్, మార్క్ వాన్ మొంటాగు బృందం కణితి పుట్టించే బాక్టీరియాలన్నిట్లోనూ ఒక పెద్ద వలయాకారపు డీఎన్ఏ ఉన్నట్టు కనిపెట్టింది. దాదాపు 2 లక్షల జన్యు అక్షరాలున్న ఈ వలయాన్ని టీఐ ప్లాస్మిడ్ అంటారు. అది పోయిన బాక్టీరియా కణితి పుట్టించలేదు. 1977లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మేరీ-డెల్ చిల్టన్, మిల్టన్ గోర్డన్, యూజీన్ నెస్టర్ బృందం మిగిలిన ముడి విప్పింది. ఆ వలయంలోంచి ఒక చిన్న ముక్క మొక్క కణంలోకి వెళ్లి, మొక్క సొంత డీఎన్ఏలో కలిసిపోతోంది. దాన్ని టీ-డీఎన్ఏ అన్నారు. కణం విచ్చలవిడిగా పెరగడానికి కావలసిన హార్మోన్ల జన్యువులు, ఓపైన్లు వండే జన్యువులు ఆ ముక్కలోనే ఉన్నాయి. ఒక జాతి జన్యువులను మరో జాతిలో ప్రవేశపెట్టే పనిని ప్రకృతిలో ఒక సూక్ష్మజీవి ఎప్పటినుంచో చేస్తూ వచ్చిందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. జీవశాస్త్ర చరిత్రలో ఇంతగా అబ్బురపరిచే సంగతులు కొన్నే ఉంటాయి.

ఈ బదిలీ గాయంతో మొదలవుతుంది. గాయపడిన మొక్క కొన్ని రసాయనాలు విడుస్తుంది. 1985లో ఘెంట్ శాస్త్రవేత్తలు వాటిలో ముఖ్యమైన ఎసిటోసిరింగోన్‌ను పొగాకులో గుర్తించారు. దాని జాడ తగలగానే ప్లాస్మిడ్‌లోని మరికొన్ని జన్యువులు మేల్కొంటాయి. టీ-డీఎన్ఏకు రెండు చివరలా 25 అక్షరాల సరిహద్దు గుర్తులుంటాయి. ఆ గుర్తుల దగ్గర తెగి, మధ్యనున్న ముక్క మొక్క కణంలోకి వెళుతుంది. శాస్త్రవేత్తలకు అందివచ్చిన కిటుకు ఇక్కడే ఉంది. బాక్టీరియా సరిహద్దు గుర్తులనే చూస్తుంది. వాటి మధ్య ఏ జన్యువు ఉన్నా మోసుకుపోతుంది.

1983: కణితి లేని బదిలీ

కిటుకు తెలిశాక చేయవలసింది కణితి జన్యువులను తీసేసి, వాటి చోట కావలసిన జన్యువును పెట్టడం. 1983 జనవరిలో అమెరికాలోని మయామీలో జరిగిన ఒక సదస్సులో మూడు బృందాలు ఒకేసారి ఈ పని చేసినట్టు చెప్పాయి: ఘెంట్ బృందం, అప్పటికి సెయింట్ లూయిస్ చేరిన చిల్టన్ బృందం, అదే ఊరికి చెందిన మోన్‌శాంటో కంపెనీ బృందం. పొగాకు, పెట్యూనియా మొక్కలు ఈ పరీక్షలకు ఆధారమయ్యాయి. వాన్ మొంటాగు, చిల్టన్, మోన్‌శాంటోకు చెందిన రాబర్ట్ ఫ్రేలీలకు 2013లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది ఈ కృషికే.

మొదటి మొక్కల్లో చేర్చిన జన్యువు పంటకు పనికివచ్చేది కాదు. అది కనమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు. దాన్నే మొదట ఎంచడానికి కారణముంది. లక్షల కణాల మధ్య జన్యువు చేరేది చాలా కొద్ది కణాల్లోనే. పెరిగే పోషకంలో కనమైసిన్ కలిపితే జన్యువు చేరని కణాలు పాలిపోయి చస్తాయి, చేరినవి పచ్చగా నిలుస్తాయి. కూలీతో కలుపు తీయించినట్టు మందుతో కణాలను ఏరడమన్నమాట. అందుకే ఆ తరవాత అసలు జన్యువు ఏదైనా, దానికి తోడుగా ఇలాంటి గుర్తు జన్యువును జతచేయడం ఆనవాయితీ అయింది.

జన్యువు ఒక్కటే వెళితే సరిపోదు. అది పనిచేయాలంటే దాని ముందు 'ఇక్కడ మొదలుపెట్టు' అని కణానికి చెప్పే ముక్క ఉండాలి. బాక్టీరియా భాషలోని ఆ ముక్క మొక్కకు అర్థం కాదు. కాలీఫ్లవర్‌కు తెగులు తెచ్చే ఒక వైరస్‌లో దొరికిన 35ఎస్ అనే ముక్క ఈ లోటు తీర్చింది. వైరస్ తన పని మొక్క చేత చేయించుకోవడానికి వాడే ఆ మీట మొక్కలోని దాదాపు అన్ని భాగాల్లోనూ, అన్నివేళలా జన్యువును నడిపిస్తుంది.

ముక్క నుంచి మొక్క

జన్యువు చేరిన ఒక్క కణం వల్ల రైతుకు ఒరిగేదేమీ లేదు. ఆ కణం మొక్క కావాలి. ఈ వైపు పని మరో దారిలో అప్పటికే ముందుకు సాగింది. మొక్కలోని ఏ కణానికైనా తిరిగి పూర్తి మొక్కగా ఎదిగే సత్తా ఉంటుందని 1902లో గోట్లీబ్ హాబర్‌లాండ్ ఊహించారు. 1957లో ఫోక్ స్కూగ్, కార్లోస్ మిల్లర్ పొగాకు కణజాలంతో ఆ ఊహకు ఒక లెక్క ఇచ్చారు. ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు హార్మోన్ల పాళ్లు మారిస్తే అదే కణజాలం వేర్లు వేస్తుంది, చిగుర్లు వేస్తుంది, లేదా ఏ రూపమూ లేని ముద్దగా పెరుగుతుంది. ఆ ముద్దనే కాలస్ అంటారు. 1962లో తొషియో మురాషిగె, స్కూగ్ కలిసి కణాలకు కావలసిన లవణాలు, చక్కెర, విటమిన్ల పాళ్లు స్థిరపరిచారు. ప్రపంచంలోని టిష్యూ కల్చర్ గదుల్లో నేటికీ అదే పోషకం పోస్తారు. ఈ కథలో భారతీయుల చేయీ ఉంది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సిప్రా గుహ, సతీశ్ మహేశ్వరి ఉమ్మెత్త పుప్పొడి తిత్తులను పోషకం మీద పెంచి, పుప్పొడి కణం నుంచే పిండాలు పుట్టించి లోకాన్ని ఆశ్చర్యపరిచారు.

1985లో రాబర్ట్ హార్ష్ బృందం ఈ రెండు దారులను కలిపింది. ఆకును చిన్న చిన్న బిళ్లలుగా కత్తిరించి, ఆగ్రోబాక్టీరియం ఉన్న ద్రవంలో ముంచి, పోషకం మీద పరిచారు. బిళ్ల అంచునున్న గాయమే బాక్టీరియాకు పిలుపు. కొద్ది వారాల్లో ఆ అంచుల నుంచి చిగుర్లు లేచాయి. మొక్కల ప్రయోగశాల ఉన్న ఏ ఊళ్లోనైనా చేయగలిగేంత సులువైన పద్ధతి ఇది.

అన్ని మొక్కలూ పొగాకంత లొంగేవి కావు. వరి, గోధుమ, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పంటలకు సహజంగా ఈ కణితి రాదు. వాటి కోసం కార్నెల్ విశ్వవిద్యాలయంలో జాన్ శాన్‌ఫర్డ్, ఎడ్వర్డ్ వుల్ఫ్ మరో దారి వెతికారు. సూక్ష్మమైన టంగ్‌స్టన్ రేణువులకు డీఎన్ఏ పూసి, తుపాకీ మందు బలంతో కణాల్లోకి పేల్చారు. మొదట్లో గురి పెట్టింది ఉల్లిపాయల మీద, ఎందుకంటే ఉల్లి పొర కణాలు పెద్దవి. 1987లో ఈ 'జన్యు తుపాకీ' ఫలితాలు అచ్చయ్యాయి. తరవాతి సంవత్సరాల్లో ఆగ్రోబాక్టీరియాన్ని గడ్డిజాతి పంటల్లోనూ పనిచేయించే మెళకువలు వచ్చాయి. ఈ రెండు పద్ధతులూ నేటిదాకా పక్కపక్కనే నడుస్తున్నాయి.

పట్టుపురుగుల జబ్బు

మోసుకుపోయే వాహనం సిద్ధమయ్యేనాటికి మోయవలసిన సరుకు కూడా సిద్ధంగా ఉంది. 1901లో జపాన్‌లో ఇషివాతా షిగెతానె పట్టుపురుగులను ఉన్నట్టుండి కూల్చేస్తున్న ఒక జబ్బుకు కారణమైన బాక్టీరియాను వేరుచేశారు. పదేళ్ల తరవాత జర్మనీలో ఎర్నస్ట్ బెర్లినర్ పిండిపురుగుల్లో అలాంటిదాన్నే చూసి, అది దొరికిన తురింగియా ప్రాంతం పేరు కలిపి బాసిల్లస్ తురింజియెన్సిస్ అన్నారు. దానికి పొట్టి పేరే బీటీ. 1938 నుంచి ఫ్రాన్స్‌లో దీన్ని పురుగుమందుగా అమ్మారు. 1970లో హోవార్డ్ డల్మేజ్ గుర్తించిన బలమైన హెచ్‌డీ-1 రకం దొరికింది చచ్చిన గులాబీ రంగు పురుగుల్లో. పత్తి కాయను లోపలి నుంచి తొలిచే పురుగు అదే.

ఈ బాక్టీరియా నిద్రాణ దశకు వెళ్లేటప్పుడు కణంలో ఒక ప్రోటీన్ స్ఫటికం కడుతుంది. దాన్ని తిన్న గొంగళిపురుగు పేగులో క్షార గుణం ఎక్కువ కాబట్టి స్ఫటికం కరుగుతుంది. పేగులోని రసాలు దాన్ని కత్తిరించి విషంగా మారుస్తాయి. ఆ విషం పేగు గోడ మీది ప్రత్యేక గ్రాహకాలకు అంటుకుని రంధ్రాలు చేస్తుంది. పురుగు ముందు తిండి మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. మనుషుల, పశువుల కడుపులో ఆమ్ల గుణం ఉంటుంది, ఆ గ్రాహకాలు ఉండవు. మందుగా చల్లినప్పుడు దీనికి రెండు లోపాలు. ఎండకు త్వరగా విరిగిపోతుంది, కాయలోకి దూరిన పురుగును చేరదు. మొక్కే ఈ ప్రోటీన్‌ను తన ఒంట్లో తయారుచేసుకుంటే రెండు లోపాలూ తీరతాయి.

1981లో సియాటిల్‌లో హెలెన్ వైట్లీ, ఎర్నస్ట్ ష్నెఫ్ ఈ స్ఫటికపు జన్యువును వేరుచేశారు. 1987లో ఘెంట్‌కు చెందిన ప్లాంట్ జెనెటిక్ సిస్టమ్స్ దాన్ని పొగాకులో, మోన్‌శాంటో టమాటాలో చేర్చాయి. పురుగు చచ్చింది గానీ మొక్కలో ప్రోటీన్ చాలా తక్కువగా తయారైంది. బాక్టీరియా రాసుకున్న తీరు మొక్కకు సరిగా పలకలేదు. ప్రోటీన్ మారకుండా జన్యువులోని అక్షరాలను మాత్రం మొక్కకు అలవాటైన వరుసలో ఫ్రెడరిక్ పెర్లాక్ బృందం తిరగరాసింది. దాంతో ప్రోటీన్ పరిమాణం వంద రెట్ల దాకా పెరిగింది. 1990లో ఆ జన్యువుతో పత్తి మొక్కలు తయారయ్యాయి.

పత్తి ముక్క మొక్కైన తీరు

పత్తి మొండి మొక్క. గాజు సీసాలో చాలా పత్తి రకాలు ముద్దగా పెరుగుతాయే తప్ప మొక్క కావు. ఆ పనికి బాగా లొంగింది అమెరికాకు చెందిన కోకర్ 312 అనే పాత రకం. దాని గింజలను శుద్ధిచేసి మొలకెత్తిస్తారు. వారం తిరిగేలోపు బీజదళాల కింది లేత కాండాన్ని సెంటీమీటరు లోపు ముక్కలుగా కోస్తారు. వాటిని ఆగ్రోబాక్టీరియం ద్రవంలో ముంచి తీసి, రెండు మూడు రోజులు పోషకం మీద ఉంచుతారు. ఆ రోజుల్లోనే బదిలీ జరుగుతుంది. తరవాత బాక్టీరియాను చంపే మందు, కనమైసిన్ కలిపిన పోషకం మీదికి మారుస్తారు. కోసిన అంచుల దగ్గర లేతపసుపు ముద్దలు కడతాయి. కొన్ని వారాలకోసారి ముద్దలను కొత్త పోషకం మీదికి మారుస్తూ పోతే, కొన్నిట్లో గుండుసూది తలంత పిండాలు పుడతాయి. వాటిలో ఆకు, వేరు తొడిగేవి ఇంకా తక్కువ. ముక్క కోసిన రోజు నుంచి మొక్క కుండీలోకి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. జన్యువు కణపు డీఎన్ఏలో ఎక్కడ పడుతుందో ముందుగా చెప్పలేరు కాబట్టి వందల మొక్కలు పెంచి, వాటిలో బాగా పనిచేసే ఒక్కదాన్ని ఎంచుతారు. అలా ఎంచిన ఒక్క మొక్క వంశానికి పెట్టిన పేరు మాన్-531. ప్రపంచంలోని తొలితరం బోల్‌గార్డ్ పత్తి మొక్కలన్నీ ఆ ఒక్క మొక్క సంతతే. 1996లో అమెరికా రైతులు దాన్ని విత్తారు.

రెండోతరం బోల్‌గార్డ్, అంటే బీజీ-2, తయారైంది రెండో పద్ధతిలో, జన్యు తుపాకీతో. అప్పటికే మాన్-531 ఉన్న పత్తిలోకి క్రై2ఏబీ అనే మరో స్ఫటికపు జన్యువును పేల్చారు. కాబట్టి నేడు తెలుగు చేలలో పెరుగుతున్న బీజీ-2 పత్తి ప్రతి మొక్కలోనూ ఆగ్రోబాక్టీరియం చేరవేసిన జన్యువు ఒకటి, లోహపు రేణువు మోసుకువచ్చిన జన్యువు ఒకటి ఉన్నాయి.

తెలుగు చేలకు రాక

ఈ విత్తనానికి తెలుగు నేలలో ఎదురుచూపు ఊరికే పుట్టలేదు. దేశవాళీ పత్తి పొట్టి పింజది, దిగుబడి తక్కువది, కానీ పురుగును చాలావరకు తట్టుకునేది. 1970లో సి.టి. పటేల్ సూరత్‌లో హెచ్-4 సంకరాన్ని విడుదల చేశాక దేశంలో సంకర పత్తి మొదలైంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లలో పత్తి 'తెల్లబంగారం' అయింది. ఎరువుకు ఏపుగా పెరిగే ఆ మొక్కలు పురుగుకూ విందే. 1980ల మొదట్లో వచ్చిన సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులు రెండు మూడేళ్లు అద్భుతంగా పనిచేశాయి. విచ్చలవిడిగా కొట్టడంతో మిత్రపురుగులు నశించి తెల్లదోమ పెట్రేగింది. 1987 నాటికి పత్తి కాయలు తొలిచే శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగడం మానేసింది. గుంటూరు, ప్రకాశం రైతులు అప్పుల్లో కూరుకుపోయారు, ప్రాణాలు తీసుకున్నారు. 1997–98లో వరంగల్ జిల్లాలో అదే విషాదం మళ్లీ జరిగింది.

మహారాష్ట్రలోని జాల్నాలో బద్రీనారాయణ్ బార్వాలే స్థాపించిన మహికో కంపెనీకి 1995లో 100 గ్రాముల బీటీ కోకర్ 312 గింజలను దిగుమతి చేసుకునే అనుమతి వచ్చింది. ఆ అమెరికా రకం మన ఎండకు, మన వానకు పనికిరాదు. దాన్ని ఇక్కడి పత్తితో సంకరం చేసి, పుట్టిన మొక్కల్లో జన్యువున్నవాటిని ఏరి, మళ్లీ మళ్లీ ఇక్కడి పత్తితోనే సంకరం చేస్తూ పోయారు. ఒక్కో తరానికి అమెరికా మొక్క పాలు సగమవుతుంది. చివరికి మిగిలేది ఇక్కడి మొక్క, అందులో ఆ ఒక్క కొత్త జన్యువు. దీన్ని తిరుగు సంకరం అంటారు. ప్రయోగశాల పని ముగిసినా పొలంలో పాత విద్యతో ఇన్నేళ్లు నడవక తప్పదు.

క్షేత్ర పరీక్షల కాలంలోనే వ్యతిరేకత మొదలైంది. 1998లో కర్ణాటకలో రైతు సంఘాలు ఆ పైరును పీకి తగలబెట్టాయి. 2001లో గుజరాత్‌లో అనుమతి లేకుండానే నవభారత్ 151 పేరుతో బీటీ పత్తి వేల ఎకరాల్లో పెరుగుతున్నట్టు బయటపడింది. 2002 మార్చి 26న జెనెటిక్ ఇంజనీరింగ్ అప్రూవల్ కమిటీ మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు సంకరాలకు అనుమతినిచ్చింది. తెలుగు రైతుకు వాటి తొలి అనుభవం మేలుగా లేదు. వానాధారపు చేలకు ఆ సంకరాలు సరిపడలేదు. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో వాటికి అనుమతిని పొడిగించలేదు. జన్యువు పనిచేసినంత మాత్రాన పంట పండదని, దాన్ని మోసే మొక్క ఆ నేలకు తగినదై ఉండాలని ఆ మూడేళ్లు నేర్పాయి. ఇతర కంపెనీల సంకరాల్లోకి జన్యువు వెళ్లాక విస్తీర్ణం వేగంగా పెరిగింది. పదేళ్లు తిరిగేసరికి దేశంలో పత్తి సాగులో తొంభై శాతానికి పైగా బీటీయే.

ధర మీద గట్టి పోరు చేసింది కూడా ఆంధ్రప్రదేశే. 450 గ్రాముల ప్యాకెట్ ధర రూ.1,600–1,850 ఉండేది, అందులో రూ.1,250 దాకా జన్యువు వాడుకున్నందుకు కట్టే రుసుం. రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లి, ఆ ఏడాదే ప్యాకెట్ ధరను రూ.750కి దించింది. ఇతర రాష్ట్రాలూ ఆ దారిన నడిచాయి.

నడిగడ్డలో క్రాసింగ్

అమెరికా, చైనా, ఆస్ట్రేలియాలలో బీటీ జన్యువు ఎక్కువగా మామూలు రకాల్లో ఉంటుంది. భారతదేశంలో అది సంకరాల్లో వచ్చింది. సంకర విత్తనం ఏటా కొత్తగా తయారుకావాలి, అదీ ఒక్కో పువ్వును చేత్తో పట్టుకుని చేయాలి. దేశానికి కావలసిన ఆ విత్తనంలో పెద్ద పాలు కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డ, అంటే గద్వాల ప్రాంతం నుంచీ నంద్యాల, కర్నూలు ప్రాంతాల నుంచీ వస్తుంది. అక్కడ ఈ పనిని క్రాసింగ్ అంటారు.

చేలో ఆడ వరుసలు ఎక్కువ, మగ వరుసలు తక్కువ. మధ్యాహ్నం దాటాక, మరునాడు విచ్చుకోబోయే ఆడ మొగ్గను ఎంచి, బొటనవేలి గోటితో మొదట్లో గాటుపెట్టి, రేకలను, వాటితోపాటు పుప్పొడి తిత్తుల గొట్టాన్ని తిప్పి లాగేస్తారు. మధ్యలో కీలాగ్రం ఒక్కటే నిలుస్తుంది. గోరు కాస్త లోతుగా దిగితే పిందె రాలుతుంది. ఒక్క తిత్తి మిగిలినా విత్తనం కల్తీ అవుతుంది. మిగిలిన ముక్క మీద ఎర్ర కాగితం తొడుగుతారు. పొద్దువాలే వేళకు చేనంతా ఎర్ర చుక్కలు పెట్టినట్టుంటుంది. తెల్లవారి మగ వరుసల పూలు కోసి, ఎండ ముదరకముందే ఒక్కో మగ పువ్వును నాలుగైదు ఆడ పూలకు రుద్దుతారు. రెండు నెలలకు పైగా ఏ రోజూ విడవకుండా ఈ పని సాగుతుంది. మొక్క ఎత్తుకు సరిపోయే పొడవు, సన్నని వేళ్లు ఉన్నాయన్న సాకుతో, అసలు కారణం తక్కువ కూలి కాగా, ఈ పనికి దశాబ్దాలపాటు పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలను వేల సంఖ్యలో దించారు. బడికి పోవలసిన వయసు ఆ చేలలో గడిచిపోయింది. 1990ల చివరి నుంచి ఈ సంగతి నివేదికల్లోకి, పత్రికల్లోకి ఎక్కి, కంపెనీల మీద ఒత్తిడి వచ్చాకే ఆ సంఖ్య తగ్గుతూ వచ్చింది. జన్యువు ప్రయోగశాలలో పుట్టినా చేనుకు చేరింది ఈ చేతుల మీదుగానే. ఈ విద్య చరిత్ర రాసేవారు వాటిని మరవకూడదు.

పురుగు తిరిగి వచ్చిన వేళ

తొలి సంవత్సరాల్లో శనగపచ్చ పురుగు మీద బీటీ గట్టిగా పనిచేసింది, దానికోసం కొట్టే మందులు తగ్గాయి. దేశంలో సగటు దూది దిగుబడి 2002–03లో హెక్టారుకు సుమారు 300 కిలోలు, 2007–08 నాటికి సుమారు 550 కిలోలు. ఇందులో బీటీ వాటా ఎంత, కొత్త సంకరాల వాటా ఎంత, గుజరాత్‌లో పెరిగిన సాగునీటి వాటా ఎంత అన్నదాని మీద వాదం నేటికీ తెగలేదు. ఆ తరవాత దిగుబడి ముందుకు కదలలేదు. రసం పీల్చే పురుగుల మీద బీటీకి పట్టు లేదు కాబట్టి వాటి మందులు మళ్లీ పెరిగాయి.

అసలు దెబ్బ గులాబీ రంగు పురుగు నుంచి తగిలింది. తొలితరం బీటీని అది తట్టుకుంటున్నట్టు 2010లో గుజరాత్‌లోని నాలుగు జిల్లాల నుంచి వెల్లడైంది. ఐదేళ్లు తిరిగేసరికి బీజీ-2 కూడా లొంగిపోయింది. కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడ్డవి. ఈ పురుగు దాదాపు పత్తి మీదే బతుకుతుంది. ఊరంతా బీటీయే అయితే విషానికి లొంగే పురుగులకు చోటే ఉండదు. అందుకే ప్రతి ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ గింజలు ఇచ్చి చేను చుట్టూ విత్తమన్నారు. అక్కడ పెరిగిన మామూలు పురుగులు నిరోధకత వచ్చిన పురుగులతో జతకడితే, పుట్టే సంతతి విషానికి మళ్లీ లొంగుతుంది. చిన్న కమతం ఉన్న రైతు పురుగు కోసం పంట వదులుకోలేక ఆ గింజలు విత్తలేదు. సంకర మొక్క కాయలోని గింజల్లో కొన్నిటికి జన్యువు రాదు, కొన్నిటికి వస్తుంది. ఆ కలగలుపు తిండి పురుగుకు విషాన్ని మెల్లగా అలవాటు చేసిందని పత్తి శాస్త్రవేత్తలు అంటారు. నీరున్నచోట సంక్రాంతి దాటాక కూడా పత్తిని నిలిపి ఉంచడం పురుగుకు మరో తరం కానుక.

అదే జన్యువుతో అమెరికా చేసింది వేరు. అక్కడ నాన్ బీటీ పత్తి పెంచే ఆశ్రయ చేలు పాటించారు, వంధ్య పురుగులను విమానాలతో వదిలారు, పంట తీయగానే మోళ్లు దున్నేశారు. 2018లో ఆ దేశంలో గులాబీ రంగు పురుగు నిర్మూలన అయినట్టు ప్రకటించారు. తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెబుతున్నది కూడా ఆ క్రమమే: లింగాకర్షక బుట్టలు పెట్టడం, పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూలను ఏరి నాశనం చేయడం, పంటను త్వరగా ముగించి పత్తికట్టెను చేలో ఉంచకపోవడం.

కత్తిరింపు కాలం

బీటీ పత్తి తరవాత రావలసిన బీటీ వంకాయకు 2010 ఫిబ్రవరిలో కేంద్రం విరామం ప్రకటించింది. అంతకుముందు ఏడు నగరాల్లో జరిపిన బహిరంగ చర్చల్లో హైదరాబాద్ ఒకటి. ఈలోగా విద్య మరో మలుపు తిరిగింది. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పెంటియె బాక్టీరియా నుంచే మరో పరికరం తీశారు. క్రిస్పర్ అనే ఈ కత్తెర డీఎన్ఏలో చెప్పినచోటే కోస్తుంది. ఆ గాటును కణం అతికించుకునేటప్పుడు అక్షరాలు మారి, ఆ జన్యువు పని ఆగవచ్చు, తీరు మారవచ్చు. పరాయి జన్యువు మిగలని ఇలాంటి మొక్కలకు 2022 మార్చిలో భారత ప్రభుత్వం పాత నియమాలు కొన్నిటి నుంచి మినహాయింపునిచ్చింది.

2025 మే 4న ప్రకటించిన దేశపు తొలి రెండు జన్యు సవరణ వరి రకాలూ తెలుగు వంగడాల బిడ్డలే. హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన కమల, అంటే డీఆర్ఆర్ ధాన్ 100, బాపట్లలో పుట్టిన సాంబ మసూరి నుంచి వచ్చింది. ఢిల్లీలో తయారైన పూసా డీఎస్‌టీ రైస్ 1కు తల్లి మారుటేరు వంగడమైన ఎంటీయూ 1010, రైతుల మాటలో కాటన్‌దొర సన్నాలు. కమలలో సవరించిన జన్యువు మొక్కలోని సైటోకైనిన్‌ను విరగ్గొట్టేది. దాని పని తగ్గితే కంకిలో గింజల సంఖ్య పెరుగుతుంది. పొగాకు ముద్ద చేత చిగురు తొడిగించిన హార్మోన్ ఆ సైటోకైనినే.

వరిలోనూ ఇతర పంటల్లోనూ ఈ కత్తెరను కణంలోకి పంపడానికి ఎక్కువగా వాడే వాహనం ఆగ్రోబాక్టీరియమే. కత్తెర జన్యువును అది చేరవేస్తుంది, సవరణ జరుగుతుంది. తరవాతి తరం మొక్కల్లో కత్తెర లేనివాటిని, సవరణ మాత్రం మిగిలినవాటిని ఏరి తీస్తారు. ఆ ఏరివేత, ఆ నేలకు తగిన మొక్కను ఎంచడం, విత్తనం కట్టడం మటుకు రైతులు ఏనాటి నుంచో చేస్తున్న పనే.